ఊరంతా నమ్మిన అనుమానం

2022 జనవరి 20న జగిత్యాల పట్టణాన్ని ఆనుకుని ఉన్న తారకరామనగర్‌లో ఒక కుల సంఘం కూర్చుంది. ఉత్తర తెలంగాణలో కుల సంఘం కూర్చోవడం మామూలు విషయం. చిట్టీల లెక్కలు, ఆపదలో ఉన్న ఇంటికి సాయం, అన్నదమ్ముల పంచాయితీలు అక్కడే తేలుతాయి. ఆ రోజు సమావేశానికి వచ్చిన ఒక పెద్దాయన, ఆయన ఇద్దరు కొడుకులు ప్రాణాలతో ఇల్లు చేరలేదు. ఆ కుటుంబం మంత్రాలు చేస్తోందన్న అనుమానంతో వాళ్ల మీద మారణాయుధాలతో దాడి జరిగింది. జిల్లా కేంద్రంలో, పదిమంది కూడిన చోట ముగ్గురు మనుషులు చనిపోయారు.

అంతకు పద్నాలుగు నెలల ముందు, 2020 నవంబరులో, అదే జిల్లా మల్యాల మండలం బల్వంతాపూర్‌లో హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరును పెట్రోలు పోసి సజీవంగా తగలబెట్టారు. అత్తగారి వైపు బంధువు ఒకరు చనిపోతే పరామర్శకు వచ్చిన మనిషి అతను. ఆ చావు అతని చేతబడి వల్లనేనని ఇంట్లోవాళ్లు అనుమానించారని పోలీసులు చెప్పారు.

జాతీయ నేర రికార్డుల బ్యూరో హత్యల కారణాల్లో మంత్రాల అనుమానాన్ని వేరుగా లెక్కిస్తుంది. 2021లో దేశమంతటా ఆ పద్దు కింద 68 హత్యలు నమోదయ్యాయి. ఛత్తీస్‌గఢ్‌లో 20, మధ్యప్రదేశ్‌లో 18, ఆ తర్వాత తెలంగాణలో 11. పోలీసు స్టేషను దాకా వచ్చి, కారణం కూడా కాగితం మీదికెక్కిన చావులు మాత్రమే ఇవి. ఊరు విడిచి పోయినవాళ్లు, దెబ్బలు తిని నోరు మెదపనివాళ్లు, సొంత బావిలో నీళ్లు తోడుకోనివ్వని ఇళ్లు ఈ లెక్కలో లేవు.

‘మంత్రాల నెపంతో హత్య’ అన్న శీర్షిక కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లా పేజీలు చదివేవాళ్లకు కొత్త కాదు. 2016 అక్టోబరులో ఈ రెండు పాత జిల్లాలు ముక్కలై జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ పుట్టుకొచ్చాయి. శీర్షిక మాత్రం అట్లాగే ఉంది. చదువు లేక, బస్సు రాక ఇట్లా అవుతోందని సరిపెట్టుకోవడానికీ వీల్లేదు. జగిత్యాల పక్కనే పొలాసలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. గల్ఫ్‌లో కొడుకులున్న ఇళ్లు ఊరూరా ఉన్నాయి. చేతిలో స్మార్ట్‌ఫోను ఉన్నవాళ్లే ఎదుటి ఇంటి ముసలాయన వైపు అనుమానంగా చూస్తున్నారు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఇది: ఒక మనిషి మనసులో పుట్టిన అనుమానం ఊరందరి తీర్పుగా ఎట్లా మారుతోంది?

నమ్మకాలన్నీ ఒకటి కావు

మొదట ఒక తేడా గుర్తించాలి. బల్వంతాపూర్ ఉన్న మల్యాల మండలంలోనే కొండగట్టు అంజన్న గుడి ఉంది. మతిస్థిమితం తప్పినవాళ్లను అక్కడికి తెచ్చి, కొన్నాళ్లు స్వామి సన్నిధిలో ఉంచే ఆనవాయితీ చాలాకాలంగా ఉంది. ఆదిలాబాద్ అడవుల్లో కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశంవాళ్లు ఏటా పుష్య అమావాస్యకు గోదావరి జలం తెచ్చి పూజ చేస్తారు. మేడారం సమ్మక్క సారలమ్మలకు లక్షల మంది బెల్లం మొక్కు చెల్లిస్తారు. వీటిలో ఏ నమ్మకం వల్ల రోగం నయమైంది, దేనివల్ల కాలేదు అని డాక్టర్లు వాదించవచ్చు. మందులు మాన్పించి గుడి దగ్గర కూర్చోబెడితే నష్టమేనని చెప్పవచ్చు, చెప్పాలి కూడా. అయితే ఈ నమ్మకాలేవీ పక్కింటి మనిషి వైపు వేలు చూపించవు.

బాణామతి, చేతబడి నమ్మకం అట్లాంటిది కాదు. అది ఒక దోషి దొరికేదాకా ఊరుకోదు. ఈ బాధ దానంతటది రాలేదు, ఎవరో చేశారు, ఆ ఎవరో మనకు తెలిసినవాళ్లే, మన చుట్టుపక్కలే ఉన్నారు అంటుంది. దేవుడి మీద నమ్మకాన్ని ప్రశ్నించకుండానే ఈ నమ్మకాన్ని ప్రశ్నించవచ్చు. ఈ సంగతి స్పష్టంగా చెప్పకపోవడం వల్లనే మంత్రాల హత్యల గురించి మాట్లాడిన ప్రతిసారీ ‘మా దేవుళ్ల జోలికి వస్తున్నారు’ అన్న గొడవ మొదలై, అసలు విషయం పక్కకు పోతోంది.

కనబడని కారణాలు

చేతబడికి అంటగట్టే చావులు, జబ్బులు చాలావరకు నిజమైనవే. కల్పన అంతా కారణం దగ్గర జరుగుతుంది. కారణం కంటికి కనబడకపోతే ఆ ఖాళీలోకి అనుమానం దూరుతుంది. ఉత్తర తెలంగాణలో అట్లాంటి కారణాలు ఎన్నో.

కట్లపామునే తీసుకుందాం. అది రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది. చాలాసార్లు నొప్పి తెలియదు, వాపు రాదు, గాట్లు కూడా సరిగా కనబడవు. మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తాడు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగడం కష్టమవుతుంది, చివరికి ఊపిరి అందదు. పాము విషం నరాల నుంచి కండరాలకు అందే సంకేతాన్ని ఆపేయడం వల్ల ఇదంతా జరుగుతుంది. పామును ఎవరూ చూడలేదు. రాత్రి నవ్వుతూ పడుకున్న పిల్లవాడు పొద్దునకు లేడు. ఆ ఇంట్లో ఏ మాట పుడుతుందో ఊహించడం కష్టం కాదు.

ఆదిలాబాద్ గూడేల్లో సికిల్ సెల్ రక్తహీనత ఉంది. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ లోపం దాగి ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగి సన్నని నాళాల్లో ఇరుక్కున్నప్పుడు ఒళ్లంతా భరించలేని నొప్పి. తర్వాత కొన్ని వారాలు ఏమీ లేనట్టే ఉంటుంది, మళ్లీ వస్తుంది. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలు ఇట్లా బాధపడుతుంటే, పక్కింటి పిల్లలు చక్కగా ఆడుకుంటుంటే, ‘ఈ ఇంటిమీదనే ఎవరో కన్నేసిండ్రు’ అనిపిస్తుంది. జబ్బు వంశంలో నడవడమే చేతబడికి రుజువైపోతుంది. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమంలో జరిపే రక్తపరీక్ష రోగిని గుర్తిస్తుంది, ఒక నిరపరాధిని కూడా కాపాడుతుంది.

పత్తి చేలల్లో పురుగుమందు కొట్టేవాళ్లకు మందు ఒంటికి పడితే విపరీతమైన చెమట, నోట్లో నురగ, కండరాల అదుర్లు వస్తాయి. కల్తీ కల్లు మరో కథ. క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, ఆల్ప్రజోలమ్ కలిపిన కల్లుకు అలవాటుపడినవాళ్లకు అది ఒక్కసారిగా ఆగిపోతే మూర్ఛలు, భ్రమలు, పిచ్చి ప్రవర్తన కనబడతాయి. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్ ప్రభుత్వ ఆసుపత్రికి ఇట్లాంటివాళ్లు గుంపులుగా వచ్చారు. అంతమందికి ఒకేసారి వచ్చింది కాబట్టి కారణం కల్లేనని అందరికీ తెలిసింది. అదే ఒక మారుమూల ఊళ్లో ఒక్క మనిషికి వస్తే గాలి సోకిందనో, ఏదో చేశారనో అనుకునే ప్రమాదం ఎక్కువ.

బాణామతి పేరుతో ఆడవాళ్లు కుక్కల్లా మొరగడం, గుడ్డలు చింపుకోవడం, తమకు తెలియకుండానే ఎవరి పేరో పలవరించడం కూడా ఈ ప్రాంతానికి తెలిసినవే. వీటిని చూసిన మానసిక వైద్యులు ఇవి నటన కాదన్నారు. నోరు విప్పి చెప్పుకోలేని బాధ శరీరంలోంచి ఇట్లా బయటపడుతుందని వివరించారు. అత్త మాట, భర్త దెబ్బ, పిల్లలు పుట్టలేదన్న నింద మోస్తున్న కోడలికి ఊరంతా చుట్టూ కూర్చుని వినే సమయం అదొక్కటే.

వీటన్నిటి వెనుకా ఒక పెద్ద లోపం ఉంది. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి నూటికి దాదాపు 22 మాత్రమే. మిగతా చావులకు కారణం ఏమిటో కుటుంబం చేతిలో కాగితం లేదు. కాగితం లేని చోట కబురు రాజ్యమేలుతుంది.

‘నాకే ఎందుకు?’

కారణం చెప్తే చాలు, నమ్మకం పోతుందని చాలామంది హేతువాదులు అనుకుంటారు. అది సగమే నిజం. బ్రిటిష్ మానవశాస్త్రవేత్త ఎవాన్స్ ప్రిచర్డ్ 1920ల చివర్లో సూడాన్‌లో అజాందే అనే తెగ మధ్య ఉండి, 1937లో వాళ్ల మంత్ర విశ్వాసాల మీద పుస్తకం వేశారు. అందులో ఒక ఉదాహరణ ప్రసిద్ధం. అక్కడ ధాన్యపు గాదెల కింద నీడకు కూర్చుంటారు. ఒక్కోసారి గాదె కూలి కింద ఉన్నవాళ్లకు గాయాలవుతాయి. గుంజలను చెదలు తిన్నాయని అజాందేలకు బాగా తెలుసు, ఎండకు నీడలో కూర్చున్నారనీ తెలుసు. వాళ్ల ప్రశ్న వేరు. ఆ గాదె సరిగ్గా వీళ్లు కూర్చున్నప్పుడే ఎందుకు కూలింది? ఆ రెండు సంగతులను ఒక్క క్షణంలో కలిపిందెవరు? మంత్రం అన్న జవాబు పుట్టేది అక్కడ.

జగిత్యాలలోనైనా, జైనూరులోనైనా బిడ్డను పోగొట్టుకున్న తల్లి అడిగేది ఈ ప్రశ్నే. ‘ఊరంతా దోమలే, నా బిడ్డకే ఎందుకచ్చింది?’ మలేరియా పరాన్నజీవి గురించి చెప్పే డాక్టరు ‘జబ్బు ఎట్లా వచ్చింది’ అన్న మొదటి ప్రశ్నకు జవాబు ఇస్తున్నాడు. ‘నా బిడ్డకే ఎందుకు’ అన్న రెండో ప్రశ్నకు సైన్సు దగ్గర ఉన్న జవాబు ‘కాకతాళీయం’. దుఃఖంలో ఉన్న మనిషికి అది జవాబులా వినిపించదు. ఆ సమయంలో ఇంటికి వచ్చే భూతవైద్యుడు ఆమెకు ఒక ముఖాన్ని చూపిస్తాడు. ఆమె ఏడుపుకు ఒక దిక్కు దొరుకుతుంది, ఇంటాయన కోపానికి ఒక గురి దొరుకుతుంది.

ఆ ముఖం ఎవరిది? దేశంలో మంత్రాల కేసులు చదివినవాళ్లకు ఒక వరుస కనబడుతుంది. ఒంటరి ముసలివాళ్లు. భర్త పోయి, పొలం పేరు మీద ఉన్న ఆడవాళ్లు. పసరు మందు ఇచ్చేవాళ్లు, తేలుకాటుకు మంత్రం వేసేవాళ్లు. గట్టు తగాదాలో ఎదుటి పక్షం. ఒక్కసారిగా నాలుగు పైసలు కనబడ్డవాళ్లు. అనుమానం గుడ్డిగా తిరగదు, ఎదురుతిరగలేని మనిషినో, ముందే కక్ష ఉన్న మనిషినో వెతుక్కుంటుంది. మెదక్, కరీంనగర్ పల్లెల్లో అనుమానితుల పళ్లు ఊడగొట్టిన ఘటనలు జరిగాయి. పళ్లు లేకపోతే మంత్రం సరిగా పలకదు, అప్పుడిక పారదు అన్నది ఆ క్రూరత్వం వెనకున్న లెక్క.

ఊరితో ఉండటం, ఊరికి లొంగడం

ఒక ఇంట్లో పుట్టిన అనుమానం ఆ ఇంట్లోనే ఉంటే శాపనార్థాలతో ఆగిపోవచ్చు. దానికి కోరలు వచ్చేది కులం పెద్దమనుషులు, చుట్టాలు, గల్లీవాళ్లు తలూపినప్పుడు. ఇక్కడ ఉత్తర తెలంగాణ పల్లె నిర్మాణం గురించి మాట్లాడక తప్పదు.

నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్, కరీంనగర్ ఊళ్లలో గ్రామాభివృద్ధి కమిటీలు బలమైనవి. జనం వీడీసీ అంటారు. చట్టంలో వీటికి గ్రామ పంచాయతీకి ఉన్న అధికారాలేవీ లేవు. అయినా గుడి కట్టించడం, బడికి గది వేయించడం, చెరువు, తాగునీళ్లు చూసుకోవడం వంటి ఎన్నో మంచి పనులు చేశాయి. అవే కమిటీలు చాలాచోట్ల బెల్టుషాపులు వేలం వేశాయి, జరిమానాలు విధించాయి, మాట వినని కుటుంబాన్ని, ఒక్కోసారి మొత్తం ఒక కులాన్ని బహిష్కరించాయి. వాళ్లతో మాట్లాడితే జరిమానా. కిరాణం ఇస్తే జరిమానా. ట్రాక్టరు పంపితే జరిమానా.

పక్కవాడి ట్రాక్టరు లేనిదే పొలం దున్నలేని, నలుగురు రాకపోతే శవం లేవని చోట ఈ శిక్ష ఎంత భయంకరమో పట్నంలో ఉన్నవాళ్లకు అంత సులువుగా అర్థం కాదు. ఊరి కట్టు నిలబడేది మంచితనం మీదే, భయం మీద కూడా. అట్లాంటి చోట ‘గా ముసలాయన ఏం చేసిండని?’ అని ఒక్కరు అడగాలంటే చాలా ధైర్యం కావాలి. అడిగినవాడు ఆయన పక్షం వహించినట్టు లెక్క. ఆ కుటుంబంతో కలిసి మంత్రాలు చేస్తున్నాడన్న మాట రేపు అతని మీదికీ రావచ్చు. అందుకే లోపల సందేహం ఉన్నవాళ్లు కూడా మౌనంగా ఉంటారు. ఒక్కొక్కరి మౌనం పక్కవాళ్లకు ఒప్పుకోలుగా కనబడుతుంది. ‘అందరు అంటున్రు గదా’ అన్న మాటలో ఆ ‘అందరు’ చాలాసార్లు నలుగురే.

1950ల మొదట్లో అమెరికన్ మనస్తత్వవేత్త సాలమన్ ఆష్ చేసిన ప్రయోగాలు ఈ మౌనం గురించి ముఖ్యమైన సంగతి చెప్పాయి. ఒక గీతను చూపించి, మరో మూడు గీతల్లో దానికి సమానమైనదేదో చెప్పమంటారు. జవాబు చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. కానీ గదిలో ఉన్న మిగతావాళ్లంతా ముందే మాట్లాడుకుని తప్పు జవాబు చెప్తుంటే, అసలు పరీక్షకు వచ్చిన మనిషి దాదాపు మూడోవంతు సార్లు వాళ్లతో గొంతు కలిపాడు. తర్వాత ఆష్ ఒక్క మార్పు చేశారు. గుంపులో ఒకే ఒక్కరితో సరైన జవాబు చెప్పించారు. గుంపుకు లొంగడం అంతకు ముందున్న దాంట్లో దాదాపు నాలుగోవంతుకు పడిపోయింది. కంటికి కనబడే గీత విషయంలోనే ఇట్లా ఉంటే, కంటికి కనబడని మంత్రం విషయంలో, రేపటి బతుకు ఆధారపడిన పెద్దమనుషుల ముందు మనిషి ఎంత లొంగుతాడో ఆలోచించాలి. ఒక్క గొంతు తోడు దొరికితే పరిస్థితి ఎంత మారుతుందో కూడా ఆ ప్రయోగమే చెప్పింది.

2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకారు తెలంగాణను కుదిపింది. నిజామాబాద్ జిల్లా భీంగల్ మండలంలో ఒక మనిషిని కొట్టి చంపారు. బీబీనగర్ దగ్గర ఒకరు, హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక హిజ్రా అదే పుకారుకు బలయ్యారు. ఇందులో మంత్రం లేదు, నిమ్మకాయ లేదు. పిల్లల మీద భయం, కొత్త ముఖం, ‘మనవాళ్లే పంపిన’ మెసేజి, వెనక్కి తగ్గితే పిరికివాడంటారన్న ఆలోచన. చేతబడి హత్యలో పనిచేసే యంత్రాంగం అంతా ఇక్కడా పనిచేసింది.

అదే కాలంలో గద్వాల వైపు జరిగింది ఆశ కలిగిస్తుంది. అప్పటి జోగుళాంబ గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరికో కానిస్టేబులును కేటాయించి, డప్పు కొట్టించి, పాటలు కట్టించి, సర్పంచులను వాట్సాప్ గ్రూపుల్లో చేర్పించి పుకారు వచ్చిన వెంటనే ఆరా తీయించారు. ఆమె పరిధిలోని నాలుగు వందల ఊళ్లలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. జనం ఫోన్ చేసి అడగగలిగిన, ముఖపరిచయం ఉన్న ఒక మనిషి ఊళ్లో ఉండటమే అక్కడ తేడా తెచ్చింది. జులైలో వాట్సాప్ కంపెనీ మన దేశంలో ఒక మెసేజిని ఒకేసారి అయిదు చాట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. పుకారు వేగం తగ్గించడానికి అది పనికొచ్చింది. దాన్ని ఆపాల్సింది మాత్రం ఊళ్లోనే.

పరీక్ష పెట్టినవాళ్లు

అనుమానాన్ని పరీక్షకు నిలబెట్టిన మనుషులు చరిత్రలో ఉన్నారు. స్పెయిన్‌లో 1610లో లొగ్రొన్యో పట్టణంలో మంత్రగాళ్లని ఆరుగురిని సజీవంగా కాల్చారు. ఆ విచారణ జరిపిన ముగ్గురు న్యాయాధికారుల్లో ఒకరైన అలోన్సో దె సలజార్‌కు సందేహం కలిగింది. 1611లో ఆయన బాస్క్ కొండల్లోకి బయల్దేరి ఎనిమిది నెలలు ఊరూరా తిరిగారు. 1,802 మందిని విచారించారు, వాళ్లలో 1,384 మంది చిన్నపిల్లలు. రాత్రి సభలు ఎక్కడ జరిగాయో వేరువేరుగా అడిగితే ఒకరు చెప్పింది మరొకరితో కలవలేదు. మంత్రపు లేపనాలని చూపించిన కుండల్లోని పదార్థాన్ని జంతువులకు పెట్టి చూస్తే ఏమీ కాలేదు. దాని గురించి మాట్లాడటం, రాయడం మొదలయ్యేదాకా ఆ ఊళ్లలో మంత్రగాళ్లూ లేరు, మంత్రం పారినవాళ్లూ లేరని ఆయన పైవాళ్లకు నివేదించారు. 1614లో వచ్చిన కొత్త నిబంధనలతో స్పెయిన్ విచారణ సంస్థ మంత్రగాళ్లను కాల్చడం దాదాపు మానేసింది. మిగతా ఐరోపాలో ఆ మంటలు ఆరడానికి ఇంకో వందేళ్లకు పైగా పట్టింది. గమనించాల్సింది ఏమిటంటే, సలజార్ బయటి విమర్శకుడు కాదు, ఆ సంస్థలోనే ఉన్న మతాధికారి. సొంతవాళ్ల మధ్య నిలబడి సాక్ష్యం అడిగాడు కాబట్టి ఆయన మాట చెల్లింది.

మన దగ్గర ఆ పని చేసినవాళ్లు తక్కువేమీ కాదు. విజయవాడ నాస్తిక కేంద్రం డాక్టర్లు, కార్యకర్తలు తెలంగాణ పల్లెలకు వచ్చి బాణామతి గురించి మాట్లాడారు. ఇంద్రజాలికుడు, హిప్నాటిస్టు బి.వి. పట్టాభిరామ్ బాణామతి భయం పట్టుకున్న ఊళ్లకు వెళ్లి ధైర్యం చెప్పారు. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక బడుల్లో, కూడళ్లలో ప్రదర్శనలు ఇస్తూ వస్తోంది. పోలీసు కళాబృందాలు కూడా ఆ బాటలోనే ఊళ్లు తిరుగుతున్నాయి.

వాళ్లు చూపించేవి చూడటానికి అబ్బురంగా, తెలుసుకుంటే సాదాగా ఉంటాయి. కోస్తే నెత్తురు కారే నిమ్మకాయలో ఉన్నది కత్తికి ముందే పూసిన రంగు మందు. పులుపు తగలగానే అది ఎర్రబడుతుంది. పసుపునీళ్లలో సున్నం కలిపితే రక్తంలాంటి ఎరుపు వస్తుంది. వాటంతటవే అంటుకునే మంటల వెనుక చాలాసార్లు తెల్ల భాస్వరం ఉంటుంది. నీళ్లలో ఉన్నంతసేపు అది ఊరికే ఉంటుంది, గాలి తగిలితే సుమారు 30 డిగ్రీల వేడికే రగులుకుంటుంది. తడి పేడలో దాన్ని పెట్టి గడ్డివాములోకి విసిరితే, పేడ ఆరేదాకా ఏమీ జరగదు, ఆ తర్వాత మంట లేస్తుంది. కరీంనగర్ ఎండాకాలంలో ఆ ఎదురుచూపు ఎంతోసేపు ఉండదు. అప్పటికి విసిరినవాడు ఊరు దాటి ఉంటాడు. పొటాషియం పర్మాంగనేటు మీద గ్లిజరిన్ చుక్కలు వేసినా కాసేపటికి మంట వస్తుంది.

ఈ ప్రదర్శనలకు ఒక పరిమితి ఉంది. అవి మంత్రగాడి మోసాన్ని బయటపెడతాయి. బిడ్డ పోయిన ఇంటి దుఃఖాన్ని తీర్చలేవు, గట్టు తగాదాను తెంపలేవు, పెద్దమనుషుల ముందు నోరెత్తిన మనిషికి రక్షణ ఇవ్వలేవు. వచ్చినవాళ్లు సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోతారు. నిందపడ్డ కుటుంబం ఆ ఊళ్లోనే రాత్రి గడపాలి.

నది అవతలి చట్టం

పాత ఆదిలాబాద్ జిల్లాకు ఉత్తరాన పెన్‌గంగ, తూర్పున ప్రాణహిత. అవతల మహారాష్ట్ర. అక్కడ నరేంద్ర దభోల్కర్ 1989లో అంధశ్రద్ధ నిర్మూలన సమితిని స్థాపించి, చట్టం కోసం ఏళ్ల తరబడి పోరాడారు. 2013 ఆగస్టు 20న పుణెలో ఉదయపు నడకకు వెళ్లిన ఆయనను కాల్చి చంపారు. కొద్ది రోజుల్లోనే ఆర్డినెన్సు, డిసెంబరులో చట్టం వచ్చాయి. ఒకరిని మంత్రగాడని ముద్రవేసి హింసించడం, ఊళ్లో బతకనివ్వకపోవడం అక్కడ ప్రత్యేక నేరం. కర్ణాటక 2017లో ఇట్లాంటి చట్టం చేసింది. బిహార్ 1999లోనే చేసింది. సామాజిక బహిష్కరణకు వ్యతిరేకంగా కూడా మహారాష్ట్ర 2016లో వేరే చట్టం ఆమోదించింది.

మహారాష్ట్రలో 2013 నాటి చట్టం మీద జరిగిన వివాదం చిన్నదేమీ కాదు. పూజలు, యాత్రలు, వ్రతాలు ఆపేస్తారన్న ప్రచారంతో ఏళ్ల తరబడి అడ్డుపడ్డారు. చివరికి వచ్చిన చట్టంలో ప్రదక్షిణలు, తీర్థయాత్రలు, హరికథలు, కీర్తనలు, పండుగలు వంటివి ఏవీ నేరం కిందికి రావని రాసిపెట్టారు. మనుషులను హింసించే ఆచారాలు మాత్రమే లోపల ఉన్నాయి. పుకారు ఊళ్లలోనే పుడుతుందనుకుంటే పొరపాటు. చట్టసభల చుట్టూ కూడా అది తిరుగుతుంది. చదువుకున్నవాళ్లు కూడా తమ పక్షం చెప్పింది కాబట్టి ముసాయిదా తెరిచి చూడకుండానే నమ్ముతారు.

తెలంగాణలో ఇట్లాంటి ప్రత్యేక చట్టం లేదు. 2016 జనవరి నుంచి అమలైన సవరణతో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం మంత్రాల నెపంతో హింసించడాన్ని, సామాజిక బహిష్కరణను నేరాల జాబితాలో చేర్చింది. అది వర్తించాలంటే బాధితులు ఎస్సీ లేదా ఎస్టీ అయి ఉండాలి, నిందితులు ఆ వర్గాలవాళ్లు కాకూడదు. సొంత కులంలో, సొంత చుట్టాల మధ్య జరిగే మంత్రాల దాడికి ఆ సెక్షన్లు వర్తించవు. హత్య జరిగాక హత్య కేసు ఉంది. హత్యకు ముందు నడిచే గుసగుసకు, కాలు బయటపెట్టనివ్వని బెదిరింపుకు, పంచాయితీలో నిలబెట్టి ప్రమాణం చేయించడానికి సూటిగా సరిపోయే నిబంధన లేదు.

కెరమెరి మండలంలో పరందోళి, ముకదంగూడ లాంటి సరిహద్దు ఊళ్లను రెండు రాష్ట్రాలూ తమవేనంటాయి. అక్కడివాళ్లకు రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, రెండు చోట్లా ఓటు ఉన్న సంగతి తెలిసిందే. రాజ్యాలు అంతగా పోటీపడే ఆ ఊళ్లలో మంత్రాల నింద పడ్డ ఒక ముసలామెకు ఏ చట్టం అండగా ఉంటుందో ఇప్పటికీ స్పష్టం కావాల్సి ఉంది. చట్టం ఒక్కటే చాలదని కూడా ఆ సరిహద్దే చెప్తుంది. 2021 ఆగస్టులో అవతలి వైపు చంద్రాపూర్ జిల్లా జివతి తాలూకాలోని వణి ఖుర్ద్ గ్రామంలో మంత్రాల అనుమానంతో, వృద్ధులను కూడా వదలకుండా ఒక దళిత కుటుంబంవాళ్లను కూడలిలో కట్టేసి కొట్టారు. అప్పటికి అక్కడ చట్టం వచ్చి దాదాపు ఎనిమిదేళ్లు. అయితే ఆ కేసులో పోలీసులు పెట్టిన సెక్షన్లలో మంత్రాల నిరోధక చట్టం ఉంది. దాడి దేనికోసం జరిగిందో కోర్టు కాగితాల్లో పేరుతో సహా నమోదైంది.

తెలంగాణ శాసనసభ చేయాల్సిన పని ఇక్కడ కనబడుతోంది. చట్టం శవం లేచేదాకా ఆగకుండా నింద దగ్గరే మొదలు కావాలి. ఒకరి పేరు చెప్పి డబ్బు తీసుకునే భూతవైద్యుడిని, ఆ మాట మీద పంచాయితీ పెట్టిన పెద్దమనుషులను కూడా అది పట్టుకోవాలి. వైద్యశాఖ వంతు మరొకటి. ఊళ్లో అనుకోని చావు జరిగినప్పుడు ఏఎన్ఎం, ఆశా కార్యకర్త రెండు మూడు రోజుల్లోనే ఆ ఇంటికి వెళ్లి, డాక్టరు చెప్పిన కారణాన్ని ఇంట్లోవాళ్ల భాషలో, అవసరమైతే గోండీలో, కొలామీలో వివరించే ఏర్పాటు ఉండాలి. పంచనామా జరిగిన చోట పోస్టుమార్టం నివేదికలోని ఒక్క వాక్యం ఆ ఇంటికి చేరినా ఎన్నో అనుమానాలు పుట్టకుండా పోతాయి.

ఊళ్లో ఉన్నవాళ్ల వంతు ఇంకా ముందు వస్తుంది. ఫలానా మనిషి మంత్రాలు చేస్తున్నాడన్న మాట చెవిన పడ్డ రోజే ఎవరు చెప్పారు, ఎవరు చూశారు అని అడగవచ్చు. పంచాయితీలో ఒంటరిగా అడగలేమనుకుంటే ఇద్దరు కలిసి అడగవచ్చు. బెదిరింపు కనబడగానే 100కు గానీ 112కు గానీ ఫోన్ చేయవచ్చు. ఆ రాత్రికి ఆ కుటుంబాన్ని వేరే ఊళ్లోని చుట్టాల ఇంటికి చేర్చవచ్చు. బడి పంతులు, వార్డు సభ్యుడు, మహిళా సంఘం అధ్యక్షురాలు, కుల సంఘంలో నలుగురు వినే పెద్దమనిషి, వీళ్లలో ఎవరు చేసినా ఫలితం ఉంటుంది. అందరికంటే కుల సంఘం పెద్ద మాటకే బలం ఎక్కువ, ఎందుకంటే ఆయనను ఎవరూ బయటివాడని తోసిపారేయలేరు.